నాలుగు మూటల కొలత

పైవలస, రెండో గాలిగది. రాస్తున్నది వావిలపల్లి దాలినాయుడు.

41వ ఏడు, 212వ రోజు

గాలి వడపోసే జల్లెడలు కడిగాను. గాలి బాగుంది. ఆ తర్వాత జరిగినదానికి ఈ పుస్తకంలో గడి లేదు, అందుకని వెనక పేజీల్లో రాస్తున్నాను.

ఫలహారాల వేళ దాటాక, సరుకుల కొట్టు చూసే బెవర అసిరమ్మప్ప నా గదికి వచ్చింది. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో నూలుదారం ఉండ. పలకరించాను. జవాబు చెప్పకుండా చెంబులో నీళ్ళు నేలమీద కుమ్మరించింది.

మనిషికి రోజుకి ఏడు లీటర్లు కొలిచి ఇచ్చే ఊరు మాది. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని, నీళ్ళు పాకిన మేర చుట్టూ దారం పరిచి, మధ్యలో పుల్ల నిలబెట్టి లోతు చూసింది. తాగడానికి ఇచ్చిన వాటాలోంచే తెచ్చానని, నన్ను కంగారు పడొద్దని అప్పుడు చెప్పింది.

"వేలు మందం నిలబడిపోనాది సూడు తమ్ముడా. మా ఊళ్ళోనయితే గోరు మందం కూడా నిలవదు, పారిపోద్ది."

మా ఊరు అంటే ఆవిడకి ఇప్పటికీ భూమే. పదిహేడేళ్ళప్పుడు మొదటి ఓడలో చంద్రుడి మీదికి వచ్చింది. నేనిక్కడే పుట్టాను. నీళ్ళు వేలు మందం నిలబడటం నాకు వింతగా ఎప్పుడూ అనిపించలేదు.

ఎందుకీ కొలత అని అడిగాను. వచ్చే ఓడలో కొత్తగా నూట అరవైమంది వస్తున్నారు. వాళ్ళ ఊపిరి కూడా కడగాలంటే మా మూడు గాలిగదుల్లో కాస్టిక్ నీళ్ళ వాడకం పెరుగుతుంది. చెడుగాలిని పీల్చేవి అవే, ఒంటిమీద పడితే కాల్చేవీ అవే. ఇప్పటిదాకా ఇరవై లీటర్ల డబ్బాల్లో తెచ్చి పెద్ద తొట్టిలో కలుపుతున్నాం. ఇకనుంచి రెండు వందల లీటర్ల డ్రమ్ములొస్తాయి, కిందటి ఓడలో కొన్ని వచ్చేశాయి కూడా. డ్రమ్ము ఒలికితే ఆపడానికి ఎంత సామాను ఉండాలో తేల్చి, భూమినుంచి తెప్పించాల్సిన స్పిల్ కిట్, అంటే ఆ సామాను పెట్టె, ఏ సైజుదో రాసివ్వమని కమిటీ ఆవిడనే అడిగింది.

"జాబితాలో నాలుగు సైజులున్నాయి. ఒకటి రాసిచ్చేస్తే సరిపోద్ది కదప్పా," అన్నాను.

"దేనికి సరిపోద్దో తెలవాల కదా," అని చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

నేల తుడిచి గుడ్డ పిండి, ఆ నీళ్ళు తూములో పోశాను. గది మూలనున్న ఆ తూము నేరుగా పంటమళ్ళకి పోతుంది. ఇక్కడ ఏ చుక్కా వృథాగా పోదు. కాస్టిక్ నీళ్ళు పడినా ఆ తూము అటే తీసుకుపోతుంది. ఇన్నేళ్ళూ రోజూ చూస్తున్న తూమే. ఈ రోజు మాత్రం దాని దగ్గర కాసేపు నిలబడ్డాను.

215వ రోజు

గాలి బాగుంది. మొదటి గాలిగది చూసే నీలవేణికి జలుబు, ఆమె జల్లెడలు కూడా నేనే కడిగాను.

కమిటీ పెద్ద పూడి తవిటయ్యగారు సాయంత్రం అసిరమ్మప్పనీ నన్నూ పిలిచారు. ఆయన ఊరి క్షేమం కోరే మనిషి. భయస్తుడు కూడా. ఆరువందల నలభైమంది ప్రాణాలు చేతిలో ఉన్న మనిషికి భయం ఉండటం మంచిదేనని నేననుకుంటాను.

జాబితాలో అన్నిటికన్నా పెద్దది వెయ్యి లీటర్ల ఒలుకుని ఆపే కిట్. అది ఒక్కటి తెప్పించి కొట్టులో పెడితే ఏది ఒలికినా సరిపోతుందని ఆయన ఆలోచన. నియమాల పుస్తకంలోనూ అలాగే ఉందట. పనిచోట ఉన్న అతి పెద్ద పాత్ర ఎంతో, కిట్ అంత ఉండాలని. మా తొట్టి పన్నెండు వందల లీటర్లు, దానికి దగ్గరగా వచ్చేది వెయ్యి లీటర్లదే.

అసిరమ్మప్ప ఒప్పుకోలేదు. తొట్టిని రాతిలో తొలిచిన గోతిలో దించామని, అది పగిలినా మొత్తం గోతిలోనే ఉండిపోతుందని గుర్తు చేసింది.

"తొట్టికి గొయ్యున్నాది. డ్రమ్ముకి లేదు. గొయ్యి లేనిదాన్నే మనం కొలవాల," అంది.

పెద్దది ఉంటే నష్టమేమిటని తవిటయ్యగారు అడిగారు. చెక్కపెట్టెతో కలిపి నూట తొంభై కిలోలు, ఓడలో అంత చోటు ఊరికే రాదని ఆవిడ జవాబు. ప్రాణాలకన్నా చోటు ఎక్కువా అని ఆయన. గొంతులు కొంచెం పెరిగాయి. చివరికి, ఓడ బయల్దేరేలోగా తన మాట నిరూపించమని, లేకపోతే వెయ్యి లీటర్లదే ఖాయమని చెప్పి పంపించారు. ఈలోగా దానికే కబురు పంపేశారు కూడా.

బయటికి వచ్చాక ఆవిడకి కోపం వచ్చిందేమో అనుకున్నాను. "ఆయన అడిగినదాంట్లో తప్పేటి? నాను సెప్పినంత మాత్రాన ఎందుకు నమ్మాల?" అంది.

219వ రోజు

కొట్టులో ఒక పాత చక్రాల పెట్టె ఉంది. జాబితాలో డ్రమ్ముకి సరిపోయే రెండు వందల నలభై లీటర్ల కిట్ అంత ఉంటుంది. అసిరమ్మప్ప దాన్లో సరైన బరువుకి రాతిపొడి నింపి, కొట్టునుంచి నా గదిదాకా నన్ను తొయ్యమంది. తను గడియారం పట్టుకుంది.

ఇక్కడ బరువు తొయ్యడం ఏమంత కష్టం కాదు. కష్టమల్లా ఆపడం. మొదటి మలుపులో పెట్టె తిరగనని మొండికేసి గోడకి గుద్దుకుంది. రెండో మలుపులో పెట్టెతోపాటు నేనూ గుద్దుకున్నాను. గదికి గదికి మధ్య గాలి ఆపే తలుపులకి మోకాలెత్తు గడపలుంటాయి. చక్రాలు గడప దాటవు. పెట్టెని ఎత్తి లోపలికి దించేసరికి తొమ్మిది నిమిషాలయింది.

నా మోచేయి చెక్కుకుపోయింది. ఆవిడ దానికి మందు రాస్తూ, తూముదాకా నీళ్ళు పారడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. నాకేం తెలుసు?

"నాకూ తెలీదు. తెలుసుకోవాల," అంది.

223వ రోజు

ఈ రోజు జరిగినది వివరంగా రాయాలి.

తూముదాకా ఎంతసేపు పడుతుందో తెలియాలంటే డ్రమ్ముడు నీళ్ళు ఒలకబోయాలి. రెండు వందల లీటర్లు అడిగితే కమిటీ ఇవ్వదు. అసిరమ్మప్ప కమిటీని అడగనే లేదు. పంటమళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈ రోజు మళ్ళకి పెట్టాల్సిన తడినీళ్ళు కాలవలో కాకుండా మా గదిలోంచి వస్తే అభ్యంతరమా అని అడిగింది. ఎటునుంచి వచ్చినా నీళ్ళు నీళ్ళేగా అన్నారు వాళ్ళు. అంతే. ఒక్క చుక్క అదనంగా ఖర్చు లేకుండా డ్రమ్ము నిండింది. ఇన్నేళ్ళు ఈ గదిలో ఉండీ ఆ ఉపాయం నాకు తట్టేది కాదు.

తవిటయ్యగారిని పిలిచాం. నీలవేణి కూడా వచ్చింది. అసిరమ్మప్ప డ్రమ్ము నిలబెట్టి పంపు బిగించింది. నన్ను గోడకి తగిలించిన పాత అత్యవసర పెట్టె దగ్గర నిలబెట్టి, గొట్టం ఊడగానే పెట్టె తెరిచి పనిలోకి దిగమంది. తర్వాత పంపు వేసి, గొట్టం బిగింపు తనే లాగేసింది.

నీళ్ళు నేలమీద పడతాయనుకున్నాను. పడలేదు. పంపు తోసిన తోపుకి గాల్లో గీత గీసినట్టు సూటిగా వచ్చి నా ముఖాన కొట్టాయి. పెట్టె తడిసింది. నేను నెత్తినుంచి పాదాలదాకా తడిశాను. కళ్ళలో నీళ్ళు పోయి ఏమీ కనబడక చేతులతో గోడ వెతుక్కుంటూ ఉండిపోయాను. ఈలోగా డ్రమ్ము కూడా పక్కకి ఒరిగి, నీళ్ళు వేలు మందాన తూముకేసి కదిలాయి. ఒలుకు ఆపడానికని భూమినుంచి వచ్చిన పొడుగు దిండొకటి నీలవేణి అడ్డం వేసింది. నీళ్ళు దాన్ని తోసుకుంటూ పోయాయి. ఇక్కడ దానికి నేలని అంటిపెట్టుకునేంత బరువు లేదు.

తూము చేరడానికి పట్టింది రెండు నిమిషాల యాభై సెకన్లు.

తవిటయ్యగారు నవ్వారు. నీలవేణీ నవ్వింది. నేనూ ముఖం తుడుచుకుంటూ నవ్వాను. అసిరమ్మప్ప నవ్వలేదు. నా ముఖంకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఆ పెట్టె అక్కడ తగిలించింది నానే," అంది, అందరికీ వినబడేలా. "పదకొండేళ్ళ కితం. పుస్తకంలో పంపుకి మూడడుగుల దూరం అని రాసుంటే మూడడుగుల దూరంలోనే తగిలించేను. మూడు గదుల్లోనూ. అది నీళ్ళు కాకపోతే, ఈ పాటికి దాలయ్య కళ్ళు పోయేవి."

ఆవిడ వయసులో, ఆవిడ పదవిలో ఇంకెవరైనా అయితే పుస్తకాన్ని అనేవారు, లేదా పంపుని అనేవారు. కమిటీ పెద్ద ఎదురుగా, తన మాట నెగ్గించుకోవాల్సిన రోజునే, ఆవిడ తన తప్పు తనే బయటపెట్టుకుంది. నాకు చలేసింది. నీళ్ళవల్ల మాత్రమే కాదు.

224వ రోజు

పంపు మీటలు మూడు గదుల్లోనూ తలుపు బయటికి మార్పించారు తవిటయ్యగారు. ఎవరూ అడక్కుండానే ఆయనే చేయించారు. ఇది రాసి ఉంచడం న్యాయం.

232వ రోజు

జల్లెడలు కడిగాను. గాలి కొంచెం బరువుగా ఉంది, కొత్త జల్లెడ వేశాను.

వారం రోజులుగా కొట్టు కుట్టుపని దుకాణంలా ఉంది. కూర కోసం పండించే గోగు కాడల్నుంచి నార తీసి ఎండబెట్టి ఉంచారు. అసిరమ్మప్ప దాన్ని కాస్టిక్ నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి చూసింది. ఉబ్బింది గానీ ముక్కలవలేదు. తన బరువుకి ఎనిమిది రెట్లు తాగింది. ఆ నారతో పలకల్లాంటి మెత్తలు కుట్టింది. పొడుగు దిండ్లలో మాత్రం సగం నార, సగం రాతిపొడి. ఇప్పుడవి పరిచిన చోటు వదలవు.

వంటశాలనుంచి నిమ్మ ఉప్పు తెచ్చి సంచుల్లో కట్టింది. కాస్టిక్ మంట చంపేది అదే. ముఖానికి అడ్డం పెట్టుకునే పారదర్శక తొడుగులు, చేతి తొడుగులు, తూముకి వేసే రబ్బరు మూత. సామానంతా సిద్ధమయ్యాక సైజు దగ్గరికి వచ్చింది.

ఒక డ్రమ్ముకి సరిపడా సామాను ఒకే మూటగా కడితే తలుపులో పట్టదు. రెండు చేస్తే పడుతుంది. నేను రెండూ చేతికొకటి ఎత్తి చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి నీలవేణిని పిలిచింది. నీలవేణి మా మూడు గదులవాళ్ళలో అందరికన్నా పొట్టి, అందరికన్నా సన్నం. ఆమె కూడా రెండూ ఎత్తింది. ఇక్కడ ఎవరైనా ఎత్తుతారు.

"ఎత్తడం కాదమ్మా. ఆ రెండూ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఇదిగో ఈ గడప కాడ ఆగు," అని సుద్దముక్కతో గీత గీసింది.

నీలవేణి పరిగెత్తింది. గీత దాటి, గడప దాటి, గదిలోకి నాలుగడుగులు పోయింది. మూటలు ఆమెని లాక్కుపోయాయి. నిజంగా ఒలికిన రోజు ఆ నాలుగడుగులూ కాస్టిక్ నీళ్ళలో పడేవి.

మూటలు విప్పి చిన్నవి చేశారు. మళ్ళీ పరుగు. ఇంకా చిన్నవి. మధ్యాహ్నం భోజనాలవేళకి నీలవేణి పదకొండుసార్లు పరిగెత్తింది. పన్నెండోసారి గీతమీద ఆగింది. ఆ మూటల బరువు తూచి చూస్తే, డ్రమ్ముకి నాలుగు మూటలు కావాలని తేలింది.

నీలవేణి రొప్పుతూ కూర్చుని, నాకోసం ఇంత కొలవాలా, దాలినాయుడు మాయ్య ఉన్నాడుగా అంది.

"ఆ రోజు మాయ్య ఉంటాడో, నువ్వొక్కదానివే ఉంటావో నాకెలా తెలుస్తాది?" అంది ఆవిడ.

238వ రోజు

తీర్పు వచ్చింది. సగం మాత్రమే మా వైపు.

అసిరమ్మప్ప చెప్పింది ఇదీ. రోజువారీ చిన్న ఒలుకులకి ప్రతి గది తలుపు పక్కనా ఇరవై లీటర్ల చేతిసంచి. డ్రమ్ము ఒలికితే ప్రతి గది బయట, నీళ్ళ తోపుకి అందని చోట, నాలుగు మూటలు. వెయ్యి లీటర్లది అక్కర్లేదు.

ఇప్పటికున్న నారతో మూడు చేతిసంచులూ, ఒక్క గదికి నాలుగు మూటలూ అయ్యాయి. మిగిలిన రెండు గదులకి వచ్చే కోతదాకా ఆగాలి. మూటలు నా గది బయట పెట్టమన్నారు, మధ్యలో ఉందని. తవిటయ్యగారు అన్నీ శ్రద్ధగా చూశారు, మెచ్చుకున్నారు. కానీ వెయ్యి లీటర్ల కబురు మాత్రం రద్దు చేయనన్నారు.

"నువ్వు సెప్పింది బాగానే ఉన్నాది అసిరమ్మా. కానీ చేత్తో కుట్టిన మూటలమీద ఊరిని వదిలెయ్యలేను," అన్నారు.

ఆవిడ సరేనంది. కొట్టుకి తిరిగి వచ్చాక, ఎవరూ అడక్కపోయినా, సంచులు మూడూ విప్పి సామాను వరస మార్చింది. అన్నిటికన్నా పైన ముఖం తొడుగు, దాని కింద చేతి తొడుగులు, ఆ కింద తూము మూత. భయపడ్డ చెయ్యి వెతకదట, మొదట ఏది తగిలితే అదే తీస్తుందట.

246వ రోజు

ఇది ఈ రోజే రాయాలి.

డబ్బాలు అయిపోవడంతో మొదటి డ్రమ్ములు ఈ వారమే వాడుకలోకి వచ్చాయి. ఉదయం ఫలహారాల తర్వాత మొదటి గదిలో నీలవేణి ఒక్కతే తొట్టి నింపుతోంది. గొట్టం బిగింపు విరిగింది. గొట్టం పాములా మెలితిరిగి డ్రమ్ముని తన్నింది, డ్రమ్ము పడిపోయింది.

ఆమె కేకలు పెట్టలేదు. బయటికి దూకి మీట ఆపింది. గంట కొట్టింది. తలుపు పక్కనున్న చేతిసంచి తెరిచి, పైనున్న తొడుగు ముఖానికి పెట్టుకుని, చేతులకి తొడుక్కుని, మూడో వస్తువు తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. గోడ వెంబడి నడిచి తూముమీద మూత వేసింది. సంచిలోని రెండు చిన్న దిండ్లూ ముందు అడ్డంగా పెట్టింది. ఇవన్నీ తర్వాత ఆమె చెప్పగా విన్నవి.

గంట వినగానే నేను బయటికొచ్చాను. మూటలు నా తలుపు దగ్గరున్నాయి, ఒలికింది పక్కగదిలో. అరవై అడుగులు. రెండు మూటలు తీసుకున్నాను. మిగిలిన రెండిటికీ ఎవరున్నారా అని చూస్తే, ఏదో తనిఖీకి వస్తూ తవిటయ్యగారు ఎదురుపడ్డారు. ఒక్క మాట కూడా అడగకుండా చేతికొకటి పట్టుకుని నా వెనకే పరిగెత్తారు. అరవై రెండేళ్ళ మనిషి. గడప దగ్గర ఆయన ఆగారు. నేనూ ఆగాను. ఆగగలిగాం.

గదిలో నేలమీద తెల్లగా మెరుస్తూ వేలు మందాన నిలబడి ఉంది. నీలవేణి చిన్న దిండ్ల అంచుదాకా వచ్చేసింది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే పొంగి వాటిమీదుగా పోయేది. తొడుగులు వేసుకుని పెద్ద దిండ్లు చుట్టూ వేశాం. అవి కదల్లేదు. అంచులనుంచి లోపలికి నిమ్మ ఉప్పు చల్లుకుంటూ వచ్చాం. ఆవిరి లేచింది, నేల వేడెక్కింది, ఆగి ఆగి చల్లాం. తర్వాత మెత్తలు. ఒకటి తాగాక ఇంకొకటి. తవిటయ్యగారు మోకాళ్ళు వంచి వరసగా పరుస్తూ పోయారు. నలభై నిమిషాలకి రంగు మారే పరీక్ష కాగితం నేలకి తాకిస్తే మంట చచ్చిందని చూపించింది. మూడు మూటలు పూర్తిగా, నాలుగోదాంట్లో సగం అయ్యాయి.

అప్పుడు చూశాం నీలవేణి చెయ్యి. తొడుగు ఆగిన చోటుకీ, చొక్కా మొదలైన చోటుకీ మధ్య రెండు వేళ్ళ వెడల్పున చర్మం కాలి ఉంది. నొప్పి ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. ఇరవై నిమిషాలు ధారకింద చెయ్యి పెట్టించాం. ఆ నీళ్ళు ఎవరి వాటాలోవని ఎవరూ అడగలేదు.

అసిరమ్మప్ప కొట్టునుంచి వచ్చేసరికి పని అయిపోయింది. ముందు నీలవేణి దగ్గరికి వెళ్ళింది. చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కాలిన చోటు ఎంత వెడల్పుందో చూసింది.

"తొడుగు పొట్టిదయిపోనాది. మోచేతిదాకా ఉండాల. అది నాకు తట్టనేదు," అంది. నీలవేణే రెండో చేత్తో ఆవిడ భుజం నిమిరింది.

పంటమళ్ళనుంచి మధ్యాహ్నం కబురు వచ్చింది. నీళ్ళు ఎప్పట్లాగే ఉన్నాయి. గోగు, తోటకూర, వరి, అన్నీ బాగున్నాయి. రాత్రి భోజనానికి ఎప్పటిలాగే గంట కొడతారు. ఊళ్ళో సగంమందికి ఏం జరిగిందో కూడా తెలియదు.

247వ రోజు

ఉదయాన్నే కొట్టుకి వెళ్ళాను. పొగడాలని వెళ్ళాను, నిజం చెప్పాలంటే. అసిరమ్మప్ప మూటల మధ్య నేలమీద కూర్చుని ఉంది. చేతి తొడుగులకి మోచేతిదాకా అతుకు వేస్తోంది. నేను నోరు తెరిచేలోపే, మూటలు పక్కగదికి మోసుకుపోవాల్సి రావడం తన తప్పేనని, ఆ రెండు గదులకి నార ఎలాగైనా ముందే సంపాదించాల్సిందని చెప్పుకొచ్చింది. ఇన్ని రోజులూ నిద్ర పట్టలేదట. పెద్దది వద్దన్నాను కదా, నా లెక్క తప్పయితే ఊరు ఏమైపోతుందని. పైకి అంత నిబ్బరంగా ఉన్న మనిషి లోపల ఇంత భయం మోస్తోందని నాకు తెలియలేదు. తవిటయ్యగారిది ఒక్కరిదే భయమనుకున్నాను.

ఆయన అప్పుడే వచ్చారు. మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తున్నారు. గుమ్మంలో నిలబడే చెప్పారు.

"వెయ్యి లీటర్లది రద్దు సేసేను. ఓడ తలుపులు రేపు మూస్తారు, ఇంకా భూమ్మీదే ఉన్నాది. ఆ నూట తొంభై కిలోల చోట్లో ఏటి కావాలో నువ్వే సెప్పు. జల్లెడలా, పంపులా, నార కుట్టే మిషనా?"

నేనైతే జల్లెడలు అనేవాణ్ణి. అసిరమ్మప్ప సూది ఆపింది.

"నూట అరవైమంది అంటన్నారు కదా. ఆ పట్టీలో నూట అరవై ఒకటో మనిసి ఎవరు?"

తవిటయ్యగారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"సోటు సాలక ఆపేసినోళ్ళుంటారు కదా. ఆళ్ళలో మొదటి పేరు. మనిసికి, పడకకి, దారిలో ఊపిరికి ఆ బరువు సరిపోద్దా?"

ఆయన గోడ వదిలేసి, కొట్టులోనే ఉన్న మాట్లాడే పెట్టె దగ్గరికి వెళ్ళి భూమికి కబురు పెట్టారు. జవాబు రావడానికి గంట పట్టింది. సరిపోతుందన్నారు. నూట అరవై ఒకటో మనిషి పేరు కిల్లి వరహాలమ్మ, యాభై రెండేళ్ళు, నేతపని. సముద్రం ముంచిన ఒక ఊళ్ళో ఆమె వీధివాళ్ళు పధ్నాలుగుమందీ ఈ ఓడకే వస్తున్నారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగిపోయింది.

ఈ సంగతి ఆమెకి చెప్పొద్దని అసిరమ్మప్ప మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. బరువు తూచి రప్పించారని తెలిస్తే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించమంది.

262వ రోజు

గాలి బాగుంది. మూడు గదుల్లోనూ తొట్లు నిండుగా ఉన్నాయి. నీలవేణి చెయ్యి మానింది, మచ్చ మిగిలింది.

ఓడ దిగింది. తలుపు తెరిచాక కొత్తవాళ్ళు గోడలు పట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని వచ్చారు. అడుగు వేస్తే గాల్లోకి లేచిపోతూ, నవ్వుతూ, ఏడుస్తూ. పేర్లు పిలిచి గదులు చూపించే పని నాకిచ్చారు. ఒక్కొక్క పేరూ చదువుతూ పట్టీ చివరికి వచ్చాను.

వరహాలమ్మ అందరికన్నా వెనక వచ్చింది. పల్చటి మనిషి, చంకలో చిన్న గుడ్డమూట. గడప దాటబోయి తూలింది. పక్కనే ఉన్న అసిరమ్మప్ప చెయ్యి అందించి పట్టుకుంది.

"నెమ్మదిగా అమ్మా. ఇక్కడ కాలు తొందరగా లెగిసిపోద్ది," అంది.

వరహాలమ్మ ఆవిడ చెయ్యి వదలకుండా నిలదొక్కుకుని, లోపలికి చూసి, తమ వీధివాళ్ళు ఎటు వెళ్ళారని అడిగింది. వాళ్ళు అప్పటికే ఆమెని చూశారు. పేరు పెట్టి పిలుస్తూ, ఆగడం చేతకాక గోడలకి తగులుతూ, పధ్నాలుగుమందీ వెనక్కి వచ్చేస్తున్నారు. ఓడలో వెనక పడకల్లో ఎక్కించారట ఆమెని, దారంతా వాళ్ళకి తెలియదు. ఎవరో ముసలాయన ఆమె తలమీద చెయ్యి పెట్టి, నువ్వెలా వచ్చేవే అని అడుగుతున్నాడు.

"ఏమో బాబయ్యా. ఆఖర్న ఎవరో పిలిసేరు," అంటోంది ఆమె.

నేను అసిరమ్మప్పకేసి తిరిగాను. ఆవిడ అక్కడ లేదు. నడవ చివర కొట్టు తలుపు తెరిచి ఉంది, లోపల దీపం వెలిగింది. కొత్త కోతలో వచ్చిన గోగునార దించుకోవడానికి మనిషి కావాలని పిలుస్తోంది. పట్టీమీద వరహాలమ్మ పేరు పక్కన గుర్తు పెట్టి, వెళ్ళాను.